కలవని ప్లాస్టిక్‌లు, కలిపే కారకాలు: వరి ప్రాంతపు వ్యవసాయ ప్లాస్టిక్ వ్యర్థాల పునర్వినియోగంలో కంపాటిబిలైజర్ల పాత్ర

సారాంశం

వరి పండించే మండలాల్లో ఎరువుల బస్తాలు, పురుగుమందుల డబ్బాలు, డ్రిప్ గొట్టాలు, పట్టాలు, మల్చింగ్ షీట్ల రూపంలో పోగుపడే ప్లాస్టిక్ అంతా ఒకే రకం కాదు. వీటిని కలిపి కరిగిస్తే పైకి ఒకటిగా కనిపించే ముద్ద తయారవుతుంది కాని, లోపల అవి వేర్వేరుగానే ఉండిపోతాయి. ఫలితంగా ఆ ముద్దతో చేసిన వస్తువు పెళుసుగా విరిగిపోతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి వాడే పదార్థాలే కంపాటిబిలైజర్లు, అనగా అనుసంధాన కారకాలు. అవి పని చేసే తీరు, వాటి రకాలు, మోతాదు, పరిమితులను గరిడేపల్లి పరిసరాల వ్యవసాయాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. చేతితో వేరు చేయగలిగిన చోట వేరు చేయడమే ఉత్తమం. వేరు చేయడం సాధ్యం కాని చోటనే కంపాటిబిలైజర్‌కు నిజమైన స్థానం ఉన్నదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: వ్యవసాయ ప్లాస్టిక్ వ్యర్థాలు, పాలిమర్ మిశ్రమాలు, కంపాటిబిలైజర్, ఎరువుల బస్తాలు, వరి ఊక, మల్చింగ్

ఉపోద్ఘాతం

సూర్యాపేట జిల్లాలోని గరిడేపల్లి మండలం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతానికి చెందినది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పట్టణాల నడుమ విస్తరించిన ఈ ప్రాంతానికి వరి ప్రధాన పంట. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పెట్టింది పేరు. హుజూర్‌నగర్ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. గరిడేపల్లి మండలంలోనే ఉన్న గడ్డిపల్లిలో శ్రీ అరబిందో గ్రామీణాభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో కృషి విజ్ఞాన కేంద్రం పని చేస్తున్నది. ప్లాస్టిక్‌ను వాడే పొలం, ప్లాస్టిక్‌తో కలిపి వాడదగిన ఊకను ఇచ్చే మిల్లు, వ్యర్థాన్ని ఇంధనంగా స్వీకరించగల బట్టీ, రైతుకు సలహా ఇచ్చే కేంద్రం ఒకే పరిధిలో ఉండడం ఈ ప్రాంతపు విశేషం.

వ్యవసాయ శాస్త్రవేత్తకు పాలిమర్ రసాయన శాస్త్రంతో పనేమిటన్న ప్రశ్న సహజం. ఎరువు వాడకం, మందు పిచికారీ, సూక్ష్మ సేద్యం, మల్చింగ్ వంటి సిఫారసులతో పాటు ప్లాస్టిక్ కూడా పొలంలోకి వస్తున్నది. పంట చేతికి వచ్చిన తరువాత మిగిలే ఖాళీ బస్తాలు, చిరిగిన షీట్లు గట్ల మీద కాలిపోవడమో, కాలువలో కొట్టుకుపోవడమో, దుక్కిలో ముక్కలై నేలలో కలిసిపోవడమో జరుగుతున్నది. ప్లాస్టిక్ వ్యర్థాలను బహిరంగంగా కాల్చకుండా చూసే బాధ్యతను 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు గ్రామ పంచాయతీలకు కూడా అప్పగించాయి. కాల్చవద్దని చెప్పే విస్తరణ శాస్త్రవేత్త, దానికి బదులు ఏం చేయాలో కూడా చెప్పగలగాలి. అందుకు ఏ ప్లాస్టిక్ దేనితో కలుస్తుంది, దేనితో కలవదు అన్న అవగాహన అవసరం.

పొలంలో దొరికే ప్లాస్టిక్‌లు

ఎరువుల బస్తాను ముందుగా పరిశీలించాలి. 2018 నుంచి యూరియా 45 కిలోల బస్తాల్లో వస్తున్నది. ఎరువుల అల్లిక సంచులకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 9755 ప్రకారం ఈ సంచిని అధిక సాంద్రత గల పాలిఇథిలీన్ (హెచ్‌డీపీఈ) పట్టీలతోనైనా, పాలిప్రొపిలీన్ (పీపీ) పట్టీలతోనైనా అల్లవచ్చు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేమ తగలకుండా కొన్ని బస్తాల లోపల పలుచని పాలిథీన్ సంచి ఉంటుంది. మరికొన్నింటికి అల్లికపైనే పలుచని పొర అతికించి ఉంటుంది. కాబట్టి ఒక్క ఖాళీ బస్తాలోనే రెండు రకాల ప్లాస్టిక్‌లు ఉండే అవకాశం ఉన్నది.

ధాన్యం ఆరబోసే పట్టాలు సాధారణంగా హెచ్‌డీపీఈ అల్లికపై అల్ప సాంద్రత పాలిఇథిలీన్ (ఎల్‌డీపీఈ) పూతతో తయారవుతాయి. డ్రిప్ లేటరళ్లు, మల్చింగ్ షీట్లు ప్రధానంగా ఎల్‌ఎల్‌డీపీఈ, ఎల్‌డీపీఈలతో చేసినవి. తాళ్లు, గడ్డి మోపులు కట్టే ప్లాస్టిక్ సుతిలి చాలా వరకు పీపీ. పురుగుమందుల డబ్బాల్లో హెచ్‌డీపీఈ, పెట్ ఉంటాయి. ద్రావకాలు ఆవిరై బయటికి పోకుండా హెచ్‌డీపీఈ లోపల నైలాన్ పొర వేసిన డబ్బాలు కూడా ఉన్నాయి. మోటారు పైపులు పీవీసీ. ఇవన్నీ ఒకే పాత సామాను వ్యాపారి తక్కెడలోకి చేరుతాయి.

వీటి ద్రవీభవన ఉష్ణోగ్రతల్లోని తేడా గమనార్హం. ఎల్‌డీపీఈ సుమారు 105–115 డిగ్రీల సెల్సియస్ వద్ద, హెచ్‌డీపీఈ 130–135 డిగ్రీల వద్ద, పీపీ 160–165 డిగ్రీల వద్ద, నైలాన్-6 సుమారు 220 డిగ్రీల వద్ద, పెట్ 250–260 డిగ్రీల వద్ద కరుగుతాయి. పెట్ కరిగే వేడికి చేరకముందే పీవీసీ విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది. అందువల్ల పీవీసీని మిగిలిన వాటిలో ఎన్నడూ కలపరాదు.

ప్లాస్టిక్‌లు ఎందుకు కలవవు?

రెండు పదార్థాలు తమంతట తాము కలవాలంటే మిశ్రణ స్వేచ్ఛాశక్తి రుణాత్మకం కావాలి. మిశ్రణ ఉష్ణం నుంచి పరమ ఉష్ణోగ్రత, ఎంట్రోపీ పెరుగుదలల లబ్ధాన్ని తీసివేస్తే ఈ విలువ వస్తుంది. నీరు, ఆల్కహాలు వంటి చిన్న అణువుల విషయంలో ఎంట్రోపీ పెరుగుదల గణనీయంగా ఉండి కలయికకు తోడ్పడుతుంది. పాలిమర్లలో ఆ తోడ్పాటు దాదాపుగా ఉండదు.

ఒక గిన్నెలో పెసలు, మినుములు కలిపితే గింజలు లెక్కలేనన్ని విధాలుగా అమరుతాయి. అవే గింజలను వేయేసి చొప్పున దారాలకు గుచ్చి, దండలుగా చేసి కలిపితే అమరికల సంఖ్య బాగా తగ్గిపోతుంది. ప్రతి గింజా తన పక్క గింజకు కట్టుబడి ఉండడమే అందుకు కారణం. పాలిమర్ గొలుసుల పరిస్థితి ఇదే. ఈ సూత్రాన్ని 1941–42లో ఫ్లోరీ, హగ్గిన్స్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా గణిత రూపంలో పెట్టారు. పాల్ ఫ్లోరీకి 1974లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

వారి సిద్ధాంతం ప్రకారం, సమాన పొడవు గల రెండు రకాల గొలుసులు సమపాళ్లలో కలవాలంటే, వాటి మధ్య విముఖతను సూచించే 'కాయ్' అనే గుణకాన్ని గొలుసులోని యూనిట్ల సంఖ్యతో గుణించినప్పుడు ఫలితం 2 కంటే తక్కువ ఉండాలి. గొలుసులో 2,000 యూనిట్లు ఉంటే కాయ్ విలువ 0.001 కన్నా తగ్గాలి. అంటే విముఖత అత్యల్పంగా ఉన్నా గొలుసులు విడిపోతాయి. పాలిఇథిలీన్, పాలిప్రొపిలీన్ రెండూ కార్బన్, హైడ్రోజన్‌లతో మాత్రమే ఏర్పడిన దగ్గరి బంధువులు అయినప్పటికీ కరిగిన స్థితిలో కలవకపోవడానికి కారణం ఇదే. దగ్గరి బంధువులే కలవనప్పుడు పెట్, పాలిఇథిలీన్ వంటి భిన్న స్వభావం గల జంటల సంగతి చెప్పనవసరం లేదు.

కలవని మిశ్రమంలోని బలహీనత

కరిగించి కలిపినప్పుడు తక్కువ పాళ్లలో ఉన్న ప్లాస్టిక్ చిన్న బిందువులుగా, ఎక్కువ పాళ్లలో ఉన్నది వాటి చుట్టూ సముద్రంలా ఏర్పడుతుంది. కలిపే యంత్రం బిందువులను లాగి చీలుస్తుంది; సరిహద్దు తలంలోని తన్యత వాటిని తిరిగి గుండ్రంగా చేస్తుంది. ఈ రెండు బలాల పోటీని 1930ల్లో జి.ఐ. టేలర్ విశ్లేషించారు. బిందువు ద్రవం చుట్టూ ఉన్న ద్రవం కన్నా సుమారు నాలుగు రెట్లకు మించి చిక్కగా ఉంటే, సాధారణ కోత ప్రవాహంలో బిందువు చీలడం దుస్సాధ్యం. చీలిన బిందువులు కూడా యంత్రం నుంచి బయటికి వచ్చే లోపు ఒకదానితో ఒకటి ఢీకొని మళ్లీ పెద్దవవుతాయి.

చల్లారిన తరువాత బిందువుకూ, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కూ మధ్య పట్టు ఉండదు. లాగినప్పుడు బిందువు చుట్టూ ఖాళీ ఏర్పడి, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. ఈ బలహీనత అన్ని ధర్మాల్లోనూ సమానంగా బయటపడదు. పదార్థపు బిగువు దాదాపుగా రెండు ప్లాస్టిక్‌ల పాళ్ల సగటుకు దగ్గరగానే ఉంటుంది. తన్యతా బలం కొంత మేరకు తగ్గుతుంది. తెగే ముందు సాగే గుణం, దెబ్బను తట్టుకునే గుణం మాత్రం పతనమవుతాయి. కేవలం తన్యతా బలం అంకెను చూపి మిశ్రమం బాగుందని చెప్పే ప్రకటనను అందుకే నమ్మరాదు. గొట్టం, బుట్ట, కంచె స్తంభం వంటి వ్యవసాయ వస్తువులు విఫలమయ్యేది నిలకడగా ఉన్న బరువు కింద కాదు. కింద పడినప్పుడు, వంచినప్పుడు, ఎండలో ఉన్న తరువాత దెబ్బ తగిలినప్పుడు.

కంపాటిబిలైజర్ పని చేసే విధానం

వ్యవసాయ విద్యార్థికి ఇందుకు సమీప ఉదాహరణ పురుగుమందుల ఈసీ రూపం. మందును కరిగించిన ద్రావకం నీటిలో కలవదు. ఎమల్సిఫైయర్ అణువు ఒక కొస నూనె వైపు, మరొక కొస నీటి వైపు తిరిగి సరిహద్దులో నిలబడడం వల్ల పాల వంటి ద్రావణం ఏర్పడుతుంది. కంపాటిబిలైజర్ కూడా ఒక భాగం ఒక ప్లాస్టిక్‌తో, మరొక భాగం రెండవ ప్లాస్టిక్‌తో పొందిక గల అణువు. అది సరిహద్దు తన్యతను తగ్గించి బిందువులను చిన్నవిగా చేస్తుంది. బిందువుల చుట్టూ పొరలా నిలిచి అవి తిరిగి కలిసిపోకుండా అడ్డుకుంటుంది.

ఈ పోలిక ఇంతవరకే వర్తిస్తుంది. పిచికారీ ద్రావణం కొన్ని గంటలు నిలిస్తే చాలు. ఘన ప్లాస్టిక్ మాత్రం ఏళ్ల తరబడి బరువును మోయాలి. అందుకు కంపాటిబిలైజర్ గొలుసులు ఇరువైపులా ఉన్న ప్లాస్టిక్ గొలుసులతో చిక్కుపడేంత పొడవు ఉండాలి. పొట్టి గొలుసులు బిందువులను చిన్నవి చేయగలవు కాని పట్టును ఇవ్వలేవు. మామిడి అంటులో వేరుమూలం, సయాను దగ్గరగా ఉంటే సరిపోదు. రెండింటి కణజాలాలు అల్లుకొని అతుక్కుంటేనే అంటు నిలుస్తుంది. పాలిమర్ శాస్త్రంలో కూడా ఒక గొలుసుపై మరొక రసాయన సమూహాన్ని అమర్చే ప్రక్రియకు అంటుకట్టడమనే అర్థమిచ్చే పేరే స్థిరపడింది.

కంపాటిబిలైజర్ వాడినంత మాత్రాన రెండు ప్లాస్టిక్‌లు ఒకటైపోవు. బిందువులు బిందువులుగానే ఉంటాయి. వాటి పరిమాణం తగ్గి, సరిహద్దు బలపడుతుంది. 'కలిసిపోవడం', 'పొందికగా ఉండడం' అనే రెండు భావనలను విద్యార్థులు వేర్వేరుగా గుర్తించాలి.

ముఖ్య రకాలు

మొదటి రకం, చర్య జరపని సహపాలిమర్లు. పాలిఇథిలీన్, పాలిప్రొపిలీన్ జంటకు ఇథిలీన్–ప్రొపిలీన్ రబ్బరు, ఓలిఫిన్ బ్లాక్ సహపాలిమర్లు వాడతారు. పాలిస్టైరీన్, పాలిఓలిఫిన్ జంటకు ఎస్‌ఈబీఎస్ అనే బ్లాక్ సహపాలిమర్ ప్రసిద్ధం. 2017లో అమెరికాలోని కార్నెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాలిఇథిలీన్, పాలిప్రొపిలీన్ భాగాలు ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే బహుళ బ్లాక్ పాలిమర్‌ను సైన్స్ పత్రికలో వివరించారు. బరువులో కొద్ది శాతం మాత్రమే కలిపినా పెళుసు మిశ్రమం సాగే గుణం గల గట్టి పదార్థంగా మారడం ఆ పరిశోధన ప్రాధాన్యం.

రెండవ రకం, కరిగించే యంత్రంలోనే రసాయన చర్య జరిపేవి. మాలిక్ అన్‌హైడ్రైడ్ అంటుకట్టిన పాలిఇథిలీన్ లేదా పాలిప్రొపిలీన్ నైలాన్ గొలుసు కొసన ఉన్న అమైన్ సమూహంతో బంధం ఏర్పరుస్తుంది. గ్లిసిడైల్ మెథాక్రిలేట్ గల సహపాలిమర్లలోని ఎపాక్సీ సమూహం పెట్ గొలుసు కొసన ఉన్న కార్బాక్సిల్ సమూహంతో చర్య జరుపుతుంది. కావలసిన సహపాలిమర్ సరిగ్గా సరిహద్దు వద్దనే తయారవడం ఈ పద్ధతిలోని అనుకూలత. నైలాన్ పొర గల పురుగుమందు డబ్బాలో హెచ్‌డీపీఈకి, నైలాన్‌కు మధ్య అతుకుగా వేసే పలుచని పొర కూడా ఇటువంటి అంటుకట్టిన పాలిఇథిలీనే. విస్తరణ శాస్త్రవేత్త చేతిలోని ఖాళీ డబ్బాలోనే ఈ సూత్రానికి నిదర్శనం ఉన్నది.

మూడవది, పెరాక్సైడ్ వంటి చౌక పదార్థాలతో గొలుసులపై స్వేచ్ఛా రాడికల్స్‌ను పుట్టించే పద్ధతి. ఇందులో జాగ్రత్త అవసరం. అదే పెరాక్సైడ్ ప్రభావానికి పాలిఇథిలీన్ గొలుసులు ప్రధానంగా ఒకదానితో ఒకటి ముడిపడతాయి. పాలిప్రొపిలీన్ గొలుసులు తెగిపోతాయి. మోతాదు మించితే ఒకటి జిగటెక్కి, మరొకటి పలచబడి మిశ్రమం మునుపటి కన్నా చెడిపోతుంది.

మోతాదు లెక్క

సాధారణంగా కంపాటిబిలైజర్‌ను మిశ్రమం బరువులో 2 నుంచి 10 శాతం వరకు కలుపుతారు. ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. మిశ్రమంలో 20 శాతం ఘనపరిమాణం గల ప్లాస్టిక్ గుండ్రని బిందువులుగా ఉన్నదనుకుందాం. ప్రమాణ ఘనపరిమాణంలోని సరిహద్దు వైశాల్యం, ఆ భిన్నాన్ని 6తో గుణించి బిందువు వ్యాసంతో భాగిస్తే వస్తుంది. వ్యాసం 10 మైక్రాన్లు అయితే ఘన సెంటీమీటరుకు 0.12 చదరపు మీటరు, 1 మైక్రాన్ అయితే 1.2 చదరపు మీటర్ల సరిహద్దు ఉంటుంది.

ఒక చదరపు నానోమీటరుకు 0.1 గొలుసు చొప్పున, 50,000 అణుభారం గల సహపాలిమర్‌తో ఆ తలాన్ని కప్పాలంటే చదరపు మీటరుకు సుమారు 0.008 గ్రాములు కావాలి. అంటే 1 మైక్రాన్ బిందువులకు ఘన సెంటీమీటరు మిశ్రమంలో సుమారు 0.01 గ్రాము, అనగా బరువులో 1 శాతం పైచిలుకు సరిపోతుంది. ఆచరణలో అంతకు మించి కలపవలసి రావడానికి కారణం, కలిపిన సహపాలిమర్ అంతా సరిహద్దుకు చేరకపోవడమే. కొంత భాగం ప్లాస్టిక్ లోపలే గుంపులుగా చిక్కుకుపోతుంది. యంత్రంలో కలిసే తీరు బాగుంటే మోతాదు తగ్గుతుంది. బాగులేకపోతే మోతాదు పెంచినా ఫలితం పరిమితమే. చిన్న యూనిట్లలో వాడే ఒంటి స్క్రూ యంత్రానికీ, జంట స్క్రూ యంత్రానికీ ఉన్న తేడా ఇక్కడ కీలకమవుతుంది.

వరి ఊక – ప్లాస్టిక్ మిశ్రమం

వడ్ల బరువులో సుమారు ఐదో వంతు ఊక. మిర్యాలగూడ వంటి మిల్లు కేంద్రాల్లో ఊకకు బాయిలర్ ఇంధనంగా గిరాకీ ఉన్నది. ఆ అవసరం తీరిన తరువాత మిగిలే ఊకను పొడి చేసి పాలిప్రొపిలీన్ లేదా పాలిఇథిలీన్‌తో కలిపి పలకలు, స్తంభాలు తయారు చేసే అవకాశం ఉన్నది. అయితే ఊకలోని సెల్యులోజ్ నీటిని ఇష్టపడేది. ప్లాస్టిక్ నీటిని వికర్షించేది. వాటి మధ్య కూడా పట్టు కుదరదు. మాలిక్ అన్‌హైడ్రైడ్ అంటుకట్టిన పాలిప్రొపిలీన్‌ను కొద్ది శాతం కలిపితే, అన్‌హైడ్రైడ్ భాగం సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలతో బంధం ఏర్పరుస్తుంది. మిగిలిన గొలుసు ప్లాస్టిక్‌లో చిక్కుపడుతుంది. దీనివల్ల బలం పెరుగుతుంది. నీటిని పీల్చుకొని ఉబ్బడం తగ్గుతుంది.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఊకను ముందుగా బాగా ఆరబెట్టాలి. తేమ ఉంటే అన్‌హైడ్రైడ్ నీటితోనే చర్య జరిపి తన సామర్థ్యాన్ని కోల్పోతుంది, ఆవిరి వల్ల పలకలో బుడగలు ఏర్పడతాయి. ఉష్ణోగ్రతను 200 డిగ్రీల సమీపంలో అదుపు చేయాలి. అంతకు మించితే ఊక మాడుతుంది. ఊకలోని సిలికా యంత్రపు స్క్రూను అరగదీస్తుందన్న విషయాన్ని కూడా ఖర్చు లెక్కల్లో చేర్చాలి.

జీవవిచ్ఛిన్న మల్చింగ్ షీట్లు: ఒక హెచ్చరిక

నేలలో విచ్ఛిన్నమయ్యే మల్చింగ్ షీట్లు కూడా చాలా వరకు కలవని పాలిమర్ల మిశ్రమాలే. పెళుసైన పీఎల్‌ఏను, మెత్తని పీబీఏటీని కలిపి, అనేక ఎపాక్సీ సమూహాలు గల కారకాలతో వాటికి పొందిక కుదురుస్తారు. ఇక్కడ కంపాటిబిలైజర్ షీటును పరిచేటప్పుడు చిరగకుండా కాపాడుతుంది.

పిండి పదార్థాన్ని పాలిఇథిలీన్‌తో కలిపి, మాలిక్ అన్‌హైడ్రైడ్ కారకంతో అతికించిన షీట్ల సంగతి వేరు. పిండి భాగాన్ని సూక్ష్మజీవులు తింటాయి. పాలిఇథిలీన్ ముక్కలు నేలలోనే మిగులుతాయి. కంపాటిబిలైజర్ మిశ్రమాన్ని బలపరుస్తుంది గాని పాలిఇథిలీన్‌కు జీవవిచ్ఛిన్న గుణాన్ని ఇవ్వదు. నేలలో విచ్ఛిన్నమయ్యే మల్చింగ్ షీట్లకు సంబంధించిన ఐరోపా ప్రమాణం ఈఎన్ 17033, రెండేళ్లలోపు 90 శాతం కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా మారాలని నిర్దేశిస్తున్నది. కంపోస్టు ప్లాస్టిక్‌లకు వర్తించే మన ప్రమాణం ఐఎస్ 17088. కంపోస్టు కుప్పలోని వేడి వరి మడిలోనో, మిరప సాలులోనో ఉండదు కాబట్టి, ఆ ప్రమాణపు ముద్ర ఒక్కటే చూసి పొలంలో దున్నివేయమని సలహా ఇవ్వరాదు.

కంపాటిబిలైజర్ చేయలేని పనులు

మొదటిది, ఎండకు చెడిన ప్లాస్టిక్‌ను అది కొత్తదిగా మార్చదు. అతినీలలోహిత కిరణాలకు గొలుసులు తెగి పొట్టివవుతాయి. పాలిప్రొపిలీన్ ఈ విషయంలో పాలిఇథిలీన్ కన్నా సున్నితమైనది. ఏడాదిపాటు ఎండలో కంచెకు కట్టిన బస్తా చేతిలో పొడిపొడి అవుతుంటే, దానికి ఏ కారకం కలిపినా ఫలితం ఉండదు.

రెండవది, మట్టిని అది దాచలేదు. పొలం నుంచి తీసిన పలుచని మల్చింగ్ షీటు బరువులో సగం, కొన్నిసార్లు అంతకు మించి మట్టే ఉండవచ్చు. కడగని షీటులో ప్రతి ఇసుక రేణువూ ఒక పగులుకు ఆరంభస్థానం.

మూడవది, పురుగుమందు అవశేషాలను అది తొలగించదు. డబ్బాలను మందు కలిపే సమయంలోనే మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు రంధ్రం చేసి, వేరుగా భద్రపరచాలి. వాటి నుంచి వచ్చిన ప్లాస్టిక్‌ను తాగునీటి గొట్టాలకు, గృహోపకరణాలకు, ధాన్యం సంచులకు వాడకూడదు.

నాల్గవది, ఒకసారి కలిపిన ప్లాస్టిక్‌లను మళ్లీ విడదీయడం ఆచరణ సాధ్యం కాదు. శుద్ధమైన పీపీగా మంచి ధర పలికే బస్తా, మిశ్రమంలో చేరిన తరువాత శాశ్వతంగా తక్కువ స్థాయి వస్తువుగా మిగిలిపోతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు నిర్ణయ క్రమం

పై అంశాల నుంచి ఒక క్రమాన్ని రూపొందించుకోవచ్చు. బస్తా లోపలి పాలిథీన్ సంచిని బయటికి లాగడానికి నిమిషం చాలు. ఆ నిమిషం ఆదా చేసి, తరువాత ఖరీదైన కారకంతో పొందిక కుదర్చడం తెలివైన పని కాదు. కాబట్టి తొలి మెట్టు వేరు చేయడం: లోపలి సంచి ఒక గోనెలో, అల్లిక బస్తా మరొక గోనెలో, డ్రిప్ గొట్టాలు వేరొక కట్టగా, పీవీసీ పూర్తిగా విడిగా, మందు డబ్బాలు తాళం వేసిన చోట ఉంచాలి.

రెండవ మెట్టు గుర్తించడం. పెట్, పీవీసీ నీటిలో మునుగుతాయి; పాలిఇథిలీన్, పాలిప్రొపిలీన్ తేలుతాయి. నీటి పరీక్షతో ఈ చివరి రెంటినీ విడదీయలేము. నీటిలో ఆల్కహాలు కలిపి, హైడ్రోమీటరుతో సాంద్రతను 0.925కు సరిచేసిన ద్రావణంలో పీపీ తేలుతుంది, హెచ్‌డీపీఈ మునుగుతుంది. పట్టీల్లో సున్నపు పొడి కలిపి ఉంటే పీపీ కూడా మునగవచ్చు కనుక, అనుమానం ఉన్నప్పుడు ద్రవీభవన ఉష్ణోగ్రతను ప్రయోగశాలలో చూడాలి. మంటపెట్టి వాసన చూసే పాత పద్ధతిని విద్యార్థులకు నేర్పకపోవడం మేలు.

మూడవ మెట్టు, వేరు చేయలేని వాటిని ఎంచడం. పూత అతికించిన బస్తాలు, నైలాన్ పొర గల డబ్బాలు, చిన్న ముక్కలై కలిసిపోయిన తుక్కు ఈ కోవలోకి వస్తాయి. భిన్న ప్లాస్టిక్‌ల పొరలు గల మెత్తని ప్యాకింగును 2022 ఫిబ్రవరిలో విడుదలైన ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత మార్గదర్శకాలు రెండవ వర్గంలో చేర్చాయి. మందు డబ్బాల ప్లాస్టిక్‌కు పైన చెప్పిన ఆంక్షలు వర్తిస్తాయి. మిగిలిన వాటిలో, బాగా చెడిపోనివైతే, కంపాటిబిలైజర్ ప్రయోగానికి ఇక్కడే అవకాశం. నాల్గవ మెట్టు, ఎండకు పొడిబారినవీ, మట్టి వదలనివీ సిమెంటు బట్టీల్లో సహదహనానికి పంపడం. ఇందుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2017లో మార్గదర్శకాలు వెలువరించింది. పొలం గట్టు మీది మంటకూ, అధిక ఉష్ణోగ్రత గల బట్టీకీ పోలిక లేదు.

ప్రయోగ రూపకల్పన

కృషి విజ్ఞాన కేంద్రం, విశ్వవిద్యాలయ విద్యార్థులు కలిసి చేపట్టదగిన ప్రయోగానికి ఐదు ట్రీట్‌మెంట్లు చాలు. మొదటిది, లోపలి సంచి తీసివేసిన శుద్ధ పీపీ బస్తాలు. రెండవది, 80 పాళ్లు పీపీ, 20 పాళ్లు పాలిఇథిలీన్ కలిపిన మిశ్రమం. మూడవది, అదే మిశ్రమానికి 5 శాతం కంపాటిబిలైజర్. నాల్గవది, అదే మిశ్రమానికి 5 శాతం కొత్త పీపీ. ఐదవది, పూర్తిగా కొత్త పీపీ. నాల్గవ ట్రీట్‌మెంట్ అత్యవసరం. కంపాటిబిలైజర్ కూడా కొత్త ప్లాస్టిక్కే కావడం వల్ల, వచ్చిన మెరుగుదల పొందిక వల్లనా, కొత్త పదార్థం కలపడం వల్లనా అన్నది అది లేకుండా తేలదు. చర్య జరపని కారకాల్లో చాలా వాటికి రబ్బరు గుణం కూడా ఉంటుంది కనుక, సరిహద్దు స్థితిని సూక్ష్మదర్శినిలో పరిశీలించి బిందువుల వ్యాసాన్ని నమోదు చేయాలి.

ఒక్కో ట్రీట్‌మెంట్‌లో కనీసం ఐదు ముక్కలను పరీక్షించి, సంపూర్ణ యాదృచ్ఛిక పద్ధతిలో విశ్లేషించవచ్చు. తన్యతా బలంతో పాటు తెగే ముందు సాగిన శాతం, గాటు పెట్టిన ముక్క దెబ్బను తట్టుకునే శక్తి తప్పక కొలవాలి. అదే కొలతలను ఒక వేసవి ఎండలో ఉంచిన తరువాత మరల తీసుకోవాలి. హైదరాబాదులోని సిపెట్ వంటి సంస్థల్లో ఇటువంటి పరీక్షలకు సదుపాయాలున్నాయి. ఖర్చుల పట్టికలో కారకం ధరతో పాటు, వేరు చేయడానికి పట్టే కూలీ ఖర్చును కూడా చేర్చి పోల్చాలి. మొదటి ట్రీట్‌మెంట్, మూడవ దాని కన్నా చౌకగా, మెరుగ్గా నిలిస్తే ఆ ఫలితాన్ని కూడా అంతే స్పష్టంగా రైతులకు తెలియజేయాలి.

ముగింపు

కంపాటిబిలైజర్లు కలవని ప్లాస్టిక్‌ల సరిహద్దును బలపరచి, పెళుసు మిశ్రమాన్ని ఉపయోగపడే పదార్థంగా మార్చగలవు. ఆ శక్తికి హద్దులున్నాయి. అవి మట్టిని కడగవు, తెగిన గొలుసును అతకవు, విషాన్ని తొలగించవు, పాలిఇథిలీన్‌ను నేలలో కరిగించవు. సేకరణ దశలో రైతు, కూలీ, దుకాణదారు పాటించే చిన్న క్రమశిక్షణ కర్మాగారంలో కారకం మీద పెట్టే ఖర్చును తగ్గిస్తుంది. గరిడేపల్లి వంటి మండలంలో యూరియా బస్తా విప్పిన రోజునే లోపలి సంచిని వేరుగా దాచే అలవాటు ఏర్పడితే, మిశ్రమాల సమస్యలో పెద్ద భాగం పొలంలోనే పరిష్కారమవుతుంది. మిగిలిన భాగానికి పాలిమర్ శాస్త్రం తోడ్పడుతుంది. ఈ రెండింటి మధ్య హద్దును రైతుకు స్పష్టంగా చూపడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.